మీకు తెలుసా? బాత్రూమ్ కొటేషన్‌లో దాక్కున్న అంకెలు

రెండడుగుల టైల్ రెండడుగులు ఉండదు! నమ్మరా? టేపు పెట్టి చూడండి. 600 మిల్లీమీటర్లే ఉంటుంది. అంటే 23.6 అంగుళాలు. 24 కాదు! నాలుగు టైళ్ల పెట్టె కొంటే 16 చదరపు అడుగులు వచ్చాయనుకుంటాం. నిజానికి వచ్చేది 15.5 మాత్రమే. పెట్టె మీద 1.44 చదరపు మీటర్లని రాసే ఉంటుంది. మనమే చదవం!

ఒక షాపులో రేటు చదరపు మీటరుకి చెబుతారు. పక్క షాపులో చదరపు అడుక్కి చెబుతారు. కంగారెందుకు? ఒక్క అంకె గుర్తుంచుకోండి. 10.76! చదరపు మీటర్ల విస్తీర్ణాన్ని దాంతో గుణిస్తే చదరపు అడుగులు వచ్చేస్తాయి. మీటరు రేటుని దాంతో భాగిస్తే అడుగు రేటు వచ్చేస్తుంది. ఇంట్లోవాళ్ల ఫోన్ నంబర్లే గుర్తుండని రోజులివి. అయినా ఈ ఒక్కటీ నోటికి వస్తే చాలు, కౌంటర్లో కుర్రాడు మీ వంక మర్యాదగా చూస్తాడు!

ఈ గుట్లన్నీ నాకు కొండపల్లిలో మా పిన్ని ఇంట్లో తెలిశాయి. పాత బాత్రూమ్ పగలగొట్టి కొత్తగా చేయిద్దామని ఆవిడ ఇద్దరు మేస్త్రీలను పిలిచింది. ఒకాయన నోటుబుక్కు కాగితం మీద రాసిచ్చాడు. ఇంకొకాయన టైల్ పెట్టె అట్ట చింపి దాని వెనక రాశాడు. కాగితం మీద 92,000. అట్ట మీద 1,28,000. తేడా 36,000 రూపాయలు! "ఒరేయ్, వీళ్లిద్దర్లో నన్ను ముంచేదెవరో చూసి చెప్పరా" అంది పిన్ని. చూశాం. ఎవరో తర్వాత చెబుతా, కాసేపు ఆగండి!

ముందు ఇది వినండి. బాత్రూమ్‌లో డబ్బు తినేది నేల కాదు, గోడలు! 5 అడుగులు, 8 అడుగుల బాత్రూమ్ తీసుకోండి. నేల 40 చదరపు అడుగులు. చుట్టూ గోడ 26 అడుగులు. 7 అడుగుల ఎత్తు దాకా టైల్స్ వేస్తే 182. తలుపు జాగా తీసేస్తే దాదాపు 165. నేల కంటే నాలుగు రెట్లు! "మాది నలభై అడుగుల బాత్రూమండీ, ఎంతవుతుంది?" అని ఫోన్లో అడిగారనుకోండి. అవతలాయన ఏ అంకె చెప్పినా చెల్లుతుంది!

ఇంకో విచిత్రం. బాత్రూమ్ చిన్నదయ్యే కొద్దీ అడుగు లెక్కన ఖర్చు పెరుగుతుంది! 4 అడుగులు, 6 అడుగుల గదికి నేల 24 చదరపు అడుగులే. గోడలు మాత్రం 122! అయిదు రెట్లు! పైగా చిన్న గదైనా కమోడ్ ఒకటి, తలుపు ఒకటి, షవర్ ఒకటి కావాల్సిందే కదా. పక్కింటివాళ్ల పెద్ద బాత్రూమ్ రేటు పట్టుకుని మీ చిన్నదానికి బేరమాడితే మేస్త్రీ నవ్వుకుంటాడు. నవ్వడంలో తప్పులేదు కూడా!

మన 5, 8 అడుగుల గదికి గోడలూ నేలా కలిపి 205 చదరపు అడుగులు. కోతల్లో, పగుళ్లలో పోయేది 10 శాతం వేసుకోండి. 225 అవుతుంది. మేస్త్రీ 225 అడిగితే న్యాయం! ఐమూలగా వేయించుకుంటే 15 శాతం పోతుంది. అదీ న్యాయమే. మామూలు వరసకే 280 అడిగితే మాత్రం "ఎందుకండీ మేస్త్రీ గారూ?" అని నెమ్మదిగా అడగండి. గట్టిగా అడగక్కర్లేదు. టేపు చేతిలో పట్టుకుని అడిగితే చాలు!

అడుక్కి 10 రూపాయల తేడా. అబ్బే, ఎంత అనిపిస్తుంది? 205 అడుగులకు 2,050 రూపాయలు! చిన్న అంకెలు కొటేషన్లో అలా నిద్రపోతున్నట్టు పడుకుంటాయి. బిల్లు రోజున లేస్తాయి!

షాంపూ సీసాలకి గోడలో ఓ బుల్లి గూడు కావాలా? అడుగు వెడల్పు, రెండడుగుల ఎత్తు. ఎంతుంటుంది, రెండు చదరపు అడుగులేగా అనుకుంటాం. దాని అంచుల చుట్టూ 45 డిగ్రీల కోత ఉంటుంది. దాన్ని రన్నింగ్ అడుగుల్లో కొలుస్తారు. ఆ గూడు చుట్టూ 6 రన్నింగ్ అడుగులు! కొటేషన్లో "రన్నింగ్ ఫీట్" అన్న మాట ఎక్కడుందో వేలు పెట్టి వెతకండి. కనపడకపోతే అడిగి రాయించండి.

పాత టైల్స్ కొడితే ఎంత చెత్త వస్తుందో ఊహించండి. నాలుగు తట్టలా? పదా? టైలూ, దాని వెనక గచ్చూ కలిపి అంగుళం మందం ఉందనుకోండి. 200 చదరపు అడుగులకు దగ్గర దగ్గర టన్ను! పాతిక కిలోల సంచుల్లో కడితే 38 సంచులు. మీది రెండో అంతస్తా? ఆ 38 సంచులూ మెట్ల మీద ఒక్కొక్కటే దిగాలి! "డెబ్రిస్" అన్న లైను లేని కొటేషన్ చూస్తే నాకు ఆ కూలీ నడుమే గుర్తొస్తుంది.

ఇంకా బరువైన సంగతి మీ కాళ్ల కింద ఉంది. చాలా అపార్ట్‌మెంట్లలో బాత్రూమ్ స్లాబు 9 అంగుళాలు లోతుగా పోస్తారు. సన్‌కెన్ స్లాబు అంటారు. పైపులు అందులో పడుకుంటాయి. పైన ఇటుక ముక్కలూ గచ్చూ నింపుతారు. 40 చదరపు అడుగుల గదికి ఆ నింపుడే సుమారు టన్నున్నర! అంత బరువు మీద నిలబడి మనం స్నానం చేస్తున్నామన్నమాట! పైపు కారుతుంటే అది మొత్తం తవ్వి తీయాలి. అందుకే "నేల కూడా తీస్తారా, పైపైన వేస్తారా?" అన్నది మొదటి ప్రశ్న కావాలి.

ఇసుక ధర ఎంత? సున్నా! అవును, ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి ఉచిత ఇసుక విధానం ఉంది. మనం కట్టేది తవ్వినందుకు, ఎత్తినందుకు, మోసినందుకు. కృష్ణ ఒడ్డు ఇబ్రహీంపట్నం పక్కనే ఉన్న కొండపల్లి వాళ్లకీ లారీ కిరాయి తప్పదు. కాబట్టి కొటేషన్లో "ఇసుక" అని ఉంటే దాన్ని "లారీ" అని చదువుకోండి!

ఇసుకలో ఇంకో గారడీ ఉంది. కాస్త తడిసిన ఇసుక ఉబ్బుతుంది! నీళ్లు 5 శాతం ఉన్నా చాలు, పావు వంతు దాకా పొంగుతుంది. సన్న ఇసుకైతే ఇంకా ఎక్కువ! పిన్ని పెరట్లో మేం చేసి చూశాం. గాజు గ్లాసులో తడి ఇసుక నాలుగు వేళ్ల ఎత్తు పోశాం. పిన్ని తన కాటుక పెన్సిల్‌తో గ్లాసు మీద గీత పెట్టింది. తర్వాత నీళ్లు నిండుగా పోసి చెంచాతో కలిపాం. ఇసుక సర్దుకుంది. మూడు వేళ్లకు దిగింది! "మిగతా వేలెడు ఇసుక ఏదిరా?" అంది పిన్ని గ్లాసు ఎత్తి చూస్తూ. గాలి! ట్రాక్టర్లో కొలిచి కొంటే మనం గాలికీ డబ్బిస్తాం!

సిమెంటు బస్తాలో అంతా సిమెంటే ఉంటుందా? పీపీసీ రకమైతే ఉండదు! అందులో 15 నుంచి 35 శాతం బొగ్గు బూడిద ఉండొచ్చు. అది కల్తీ కాదు. ప్రమాణం ప్రకారమే! కొండపల్లి పొలిమేరలోని నార్ల తాతారావు థర్మల్ కేంద్రం పొగగొట్టాలు చూశారుగా? అలాంటి చోట్ల బొగ్గు కాలగా మిగిలే సన్నటి బూడిదే అది. ఊళ్లో వాళ్లు బట్టల మీద పడుతోందని విసుక్కునే బూడిద ఇంకో రూపంలో గోడలోకి వచ్చి కూర్చుంటుంది!

బస్తా మీద ఇంకో రహస్యం అచ్చేసి ఉంటుంది. అది తయారైన కాలం! 3 నెలలు దాటిన సిమెంటుని మళ్లీ పరీక్షించకుండా వాడకూడదు. బలం తగ్గిపోతుంది. మన ఎన్టీఆర్ జిల్లాలోనే జగ్గయ్యపేట వైపు జయంతిపురంలో, ముక్త్యాలలో సిమెంటు ఫ్యాక్టరీలున్నాయి. అంత దగ్గర్లో తయారవుతుంటే మనకి ముసలి బస్తా ఎందుకు?

2025 సెప్టెంబరు 22న సిమెంటు మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది! పన్ను కాక 300 రూపాయలున్న బస్తాకి అప్పట్లో 384 అయ్యేది. ఇప్పుడు 354. బస్తాకి 30 రూపాయలు! మీ చేతిలో ఉన్నది పాత కొటేషనైతే తేదీ చూసుకోండి. కాగితం పాతబడినా పన్ను కొత్తదే కట్టాలి!

గమ్ము, అంటే టైల్ అడ్హెసివ్, ఎన్ని బస్తాలు కావాలి? 20 కిలోల బస్తా, 3 మిల్లీమీటర్ల మందాన పూస్తే, దాదాపు 50 చదరపు అడుగులకు వస్తుంది. మన 205 అడుగులకి నాలుగో అయిదో. పది రాశారా? గోడ వంకరగా ఉండుండాలి, లేదా లెక్క వంకరగా ఉండుండాలి! ఏదో ఒకటి తేల్చుకోండి.

టైల్స్ నీళ్లు తాగుతాయి! మామూలు గోడ టైల్ తన బరువులో 10 శాతం పైనే తాగేస్తుంది. విట్రిఫైడ్ టైల్ అర శాతం కూడా తాగదు. ఇరవై రెట్ల తేడా! అందుకే మేస్త్రీలు గోడ టైల్స్‌ని గచ్చు మీద పెట్టేముందు నీళ్ల తొట్లో నానేస్తారు. బుడబుడమని బుడగలు వస్తాయి. చూడ్డానికి భలే ఉంటుంది! విట్రిఫైడ్‌కి మాత్రం ఉత్త సిమెంటు పాలు పట్టవు, గమ్ము కావాలి. అక్కడే కొటేషన్ రేటు మారుతుంది. ఊరికే మారదు!

పెట్టె మీద బ్యాచ్ నంబరు చూశారా? అదే డిజైను, అదే కంపెనీ అయినా బ్యాచ్ మారితే రంగు మారొచ్చు. అందుకే ఒక్క పెట్టె ఎక్కువ కొని అటక మీద పడేయండి. ఆరేళ్ల తర్వాత పైపు పగిలి ఒక్క టైల్ మార్చాల్సి వస్తే? షాపులో ఆ డిజైనే ఉండదు. మీ అటక మీద ఉంటుంది!

ఇప్పుడు అసలైన లైను. వాటర్‌ప్రూఫింగ్! చేశారో లేదో ఎలా తెలుస్తుంది? నీళ్లు పోయే ట్రాప్‌కి గుడ్డ కుక్కి, నేల మీద రెండంగుళాల నీళ్లు నిలబెట్టాలి. మన 40 అడుగుల గదికి దాదాపు 190 లీటర్లు పడతాయి. 24 గంటలు ఆగాలి! తర్వాత కింద వాటాలో వాళ్ల సీలింగ్ చూసి రావాలి. తడి లేదా? అప్పుడే టైల్స్. ఈ పరీక్ష టైల్స్ వేసేముందు చేయాలి సుమండీ. వేశాక చేసి లాభం లేదు! ఈ ఒక్క ముక్క కొటేషన్లో రాయించండి. కింద వాటావాళ్లతో మాటలుంటాయి.

జేబులో గోళీ ఉందా? పిల్లలనడిగి తెచ్చుకోండి. నేల వాటం చూసే యంత్రం అదే! అడుక్కి పావు అంగుళం వాటం ఇస్తే 8 అడుగుల గదికి 2 అంగుళాల దిగుడు వస్తుంది. తలుపు దగ్గర గోళీ వదలండి. జాలీ దగ్గరకు దానంతటదే వెళ్లాలి. మధ్యలో ఆలోచనలో పడి ఆగిందా? రేపు నీళ్లూ అక్కడే ఆగుతాయి! రసమట్టం మేస్త్రీ దగ్గర ఉంటుంది. గోళీ మీ దగ్గర ఉండాలి.

అయిదు రూపాయల బిళ్లకీ ఓ పనుంది! వేసిన టైల్స్‌ని దాంతో టకటకా కొడుతూ పోండి. గట్టి చప్పుడొస్తే సరే. డొల్లగా మోగితే వెనక గాలి ఉన్నట్టే. నాలుగు మూలలూ, నడుమా కొట్టాలి. అంటే టైల్‌కి 5 దెబ్బలు! ఆఖరి డబ్బులు ఇచ్చేముందు కొట్టండి. ఇచ్చాక కొడితే అది సంగీతమే!

బాత్రూమ్ కంపు కొట్టకుండా కాపాడేది ఏది? ఫినైలా? కాదు! 50 మిల్లీమీటర్ల నీళ్లు! నేల ట్రాప్‌లో ఎప్పుడూ నిలిచి ఉండే ఆ రెండంగుళాల నీరే మురుగు గాలికి మూత. లోతు లేని ట్రాప్ వేస్తే ఆ మూత ఆరిపోతుంది. కొటేషన్లో అన్నిటికంటే చవకైన వస్తువు అది. దాని దగ్గర మాత్రం పీనాసితనం వద్దు!

మూడంగుళాలు నా పరువు తీశాయి! కమోడ్ కొనేముందు గోడకీ మురుగు గొట్టానికీ మధ్య దూరం కొలవాలి. అది 9 అంగుళాలదా, 12 అంగుళాలదా అన్నది తేలాలి. నేను కొలవలేదు. ఆఫర్లో నచ్చింది, ఆటోలో తెచ్చేశాను. ప్లంబర్ దాన్ని ఒకసారి చూశాడు. నన్ను రెండుసార్లు చూశాడు. "నేల కొట్టమంటారా సార్, కమోడ్ మార్చుకొస్తారా?" అన్నాడు. తప్పు పూర్తిగా నాదే. మీరు కొలవండి!

పాత ఫ్లష్ ట్యాంకు ఒక్క గుంజుకి 10 లీటర్లు వదిలేది. ఇప్పటి రెండు బొత్తాల ట్యాంకులో చిన్నది 3, పెద్దది 6. నలుగురున్న ఇంట్లో ఒక్కొక్కరు రోజుకి ఒక పెద్ద బొత్తం, నాలుగు చిన్నవి నొక్కారనుకోండి. 200 లీటర్ల చోట 72 చాలు! రోజుకి 128 లీటర్లు మిగిలాయి. ట్యాంకర్ తెప్పించుకునే ఇళ్లలో ఈ ఖరీదైన ట్యాంకే చవక!

వేడి నీళ్ల పైపుని రంగుతో పట్టేయొచ్చు! సీపీవీసీ పైపు మీగడ రంగులో ఉంటుంది. 93 డిగ్రీల దాకా తట్టుకుంటుంది. యూపీవీసీ తెల్లగా ఉంటుంది, వేడికి మెత్తబడుతుంది. గీజరు లైనుకి తెల్ల పైపు వేస్తుంటే పని ఆపించండి. గోడ మూశాక రెండూ ఒకేలా కనపడతాయి. అసలు కనపడవు!

30 మిల్లీ ఆంపియర్లు. ఈ బుల్లి అంకె ప్రాణం కాపాడుతుంది! తడి చేత్తో గీజరు ముట్టుకున్నప్పుడు అంత లీకేజీ కనిపెట్టగానే కరెంటు ఆపేసే పరికరం పేరు ఆర్‌సీసీబీ. కొటేషన్లో "కరెంటు పని" అని రెండే మాటలున్నాయా? ఇది అందులో ఉందా అని అడగండి. నిగనిగలాడే షవర్ కోసం దీన్ని తీసేసిన ఇళ్లు చూశాను. నాకైతే ఒళ్లు మండుతుంది!

కుళాయిలకి తెల్లగా గార కడుతోందా? మీ బోరు నీళ్ల కాఠిన్యం చూపించుకోండి. తాగునీటి ప్రమాణం లీటరుకి 200 మిల్లీగ్రాములు. వేరే దిక్కు లేకపోతే 600 దాకా ఒప్పుకుంటారు. మీది అంతకు మించిందా? సన్న రంధ్రాల ఖరీదైన షవర్ మూసుకుపోతుంది. సాదా కుళాయే మేలు! కొటేషన్ అక్కడే కొంత దిగుతుంది.

అన్నట్టు, పిన్ని కథ! 92,000 కాగితంలో లేనివి ఒక్కొక్కటే రాసుకుంటూ పోయాం. చెత్త ఎత్తివేత లేదు, 6,000 వేశాం. వాటర్‌ప్రూఫింగ్ లేదు, 14,000. కరెంటు పని లేదు, 7,500. తలుపు లేదు, 6,500. కిరాయిలు, ముఠా కూలీ లేవు, 5,000. కూడితే ఎంతైంది? 1,31,000! అట్టముక్క మీద అన్నీ ఉన్నాయి. ట్రాప్ పేరుతో సహా రాశాడాయన. చవక కాగితమే 3,000 ఖరీదు! ముంచేవాళ్లెవరూ లేరక్కడ. ఒకాయన సగం రాశాడు, ఇంకొకాయన మొత్తం రాశాడు, అంతే. పిన్ని అట్టముక్క ఆయన్నే పిలిచింది. బేరం మానిందనుకున్నారా? ఇంకో 3,000 తగ్గించింది!

మేస్త్రీ లాభం ఎంత ఉంటే న్యాయం? కేంద్ర ప్రజాపనుల శాఖ తన లెక్కల్లోనే కాంట్రాక్టరు లాభానికీ పై ఖర్చులకీ కలిపి 15 శాతం వేస్తుంది! దాచుకోకుండా, బాహాటంగా. కాబట్టి సామాన్లూ కూలీ పోను మేస్త్రీకి ఇంత మిగులుతోందని తెలిస్తే గుండెలు బాదుకోకండి. మధ్యలో వచ్చి పని చూసి వెళ్లే ఆయన స్కూటర్ పెట్రోలూ అందులోదే!

అదే లెక్కలో ఇంకో లైను చూసి నేను నోరు తెరిచాను. నీళ్ల ఖర్చు 1 శాతం! గచ్చు కలపడానికి, తడపడానికి వాడే నీళ్లకీ రేటుంది. మీ ఇంటి కుళాయి నీళ్లే వాడుతుంటే ఆ ఒక్క శాతం మీదే కదా? అడిగి చూడండి. మేస్త్రీ మొహంలో మెరుపు చూసి చెప్పండి!

కొండపల్లి బొమ్మని కర్ర తూకానికి ఎవరైనా కొంటారా? తెల్లపొణికి కర్ర దూదిలా తేలిక. ఏనుగు అంబారీ చేతిలో పెడితే బరువే తెలీదు. ధర అంతా చెక్కిన చెయ్యిది, చింతగింజల మక్కుది, సన్న కుంచెది! టైల్ మేస్త్రీ దగ్గర మాత్రం 40 రూపాయల టైల్‌కి అంత కూలీ ఏంటని అడుగుతాం. టైల్ చవకైతే మూల తిప్పడం సులువవుతుందా?

"నాలుగు రోజుల్లో అప్పగిస్తా!" ఈ మాట వింటే జాగ్రత్త. గోడ గచ్చుని తడపడానికే 7 రోజులు కావాలి! తొందరపడి ఆ పచ్చి గోడకే టైల్ అంటిస్తే తర్వాత అది మనల్ని వదిలేస్తుంది. ఆలస్యం మరీ ఎక్కువైనా బాధే లెండి. బెజవాడ దగ్గర కృష్ణ ఆనకట్ట ఆలోచన 1798లో పుట్టింది. పని మొదలైంది 1852లో. పూర్తయింది 1855లో. 54 ఏళ్లు కాగితం మీద, 3 ఏళ్లు ఏటి మీద! మన మేస్త్రీలు నయం కదూ?

"జీఎస్టీ 18 శాతం ఎక్స్‌ట్రా" అని రాశారా? నంబరు అడగండి. 15 అక్షరాలుండాలి. మొదటి రెండూ 37 అయితే ఆంధ్రప్రదేశ్! 36 అయితే తెలంగాణ. నంబరు లేనివాళ్లు పన్ను వసూలు చేయకూడదు. సేవల మీద ఏడాదికి 20 లక్షల లోపు వచ్చే చిన్న మేస్త్రీకి రిజిస్ట్రేషనే అక్కర్లేదు. ఆయన మీ దగ్గర పన్నెందుకు తీసుకుంటాడు?

మీది కొత్త అపార్ట్‌మెంటా? అయితే కొటేషన్ చింపేయండి! రెరా చట్టం కిందకి వచ్చే ప్రాజెక్టులో తాళాలిచ్చిన 5 ఏళ్ల లోపు నిర్మాణంలో, పనితనంలో లోపం బయటపడితే బిల్డరే ఉచితంగా బాగుచేయాలి. 30 రోజుల్లో! బాత్రూమ్ కారుతోందని సొంత డబ్బు పోసి చేయించుకున్నవాళ్లు మన చుట్టూ ఎంతమంది ఉన్నారో!

పని చెడిపోయిందా? వినియోగదారుల కమిషన్‌కి వెళ్లాలంటే బోలెడు ఖర్చనుకుంటాం. చెల్లించిన సొమ్ము 5 లక్షల దాకా అయితే ఫిర్యాదు రుసుము సున్నా! ముందు ఫోన్లో అడుగుదామంటే 1915కి చేయండి. అయితే చేతిలో కాగితం ఉండాలి. పిన్నిలా అట్టముక్క అయినా పర్లేదు, సంతకం ఉంటే చాలు!

ప్రభుత్వం కూడా కాంట్రాక్టరుకి డబ్బంతా ఒకేసారి ఇచ్చేయదు! కేంద్ర ప్రజాపనుల శాఖ ప్రతి బిల్లులోంచీ 2.5 శాతం పూచీగా ఆపి ఉంచుకుంటుంది. మీరూ కొంత ఆపండి. ఒక వానాకాలం గడిచాక ఇస్తానని ముందే, నవ్వుతూ, కాగితం మీద రాయించుకోండి. పని మీద నమ్మకం ఉన్న మేస్త్రీ ఒప్పుకుంటాడు. అట్టముక్క ఆయన కాఫీ కూడా పూర్తి చేయకుండానే ఒప్పుకున్నాడు!

చివరిగా ఒకటి, ఇది ఎవరూ చెప్పరు! గోడలో పైపు అంగుళం లోతునే ఉంటుంది. మీరు అద్దం తగిలించడానికి కొట్టే మేకు రెండంగుళాలు! ప్లంబర్ పైపులు వేసి వెళ్లాక, తాపీ మేస్త్రీ గచ్చు కలపకముందు, ఆ ఒక్క సాయంత్రం ఫోన్ తీసుకుని నాలుగు గోడలూ ఫోటో తీసేయండి. గోడకి ఆనించిన టేపు కూడా ఫోటోలో పడాలండోయ్!